మూడో అంతస్తు రిపోర్టు

ఆ రోజు పొద్దున సుత్తి మేడం పెట్టుకున్నవి మూడే పనులు. ఏడున్నరకు భర్త స్నానానికి వెళ్లగానే చెల్లెలికి ఫోన్ చేయాలి. తొమ్మిదిలోపు ఒక నిర్ణయానికి రావాలి. పదకొండుకు డాక్టరు దగ్గరికెళ్లి ఆ నిర్ణయం చెప్పాలి. ఈ మూడింటిలో భర్తకు తెలియాల్సింది ఒక్కటీ లేదు.

పాత భవనాలు గట్టిగా ఉన్నాయో లేదో పరీక్షించడం ఆవిడ ఉద్యోగం. చిన్న సుత్తితో పిల్లరును తట్టి, శబ్దం విని, లోపల ఏముందో చెప్పేస్తుంది. ఆ పేరు అందుకే వచ్చింది. ఆ పేరుకు ఇంకో అర్థం కూడా ఉందని, తను ఉపన్యాసం మొదలుపెట్టగానే కాంట్రాక్టర్లు ఆ రెండో అర్థాన్నే తలుచుకుంటారని ఆవిడకు తెలుసు. పట్టించుకోదు. యాభై తొమ్మిదేళ్లొచ్చినా భవనాల చుట్టూ కట్టే పరంజా ఎక్కడం మానలేదు.

నాలుగు నెలల క్రితం వంటింటి గడప తట్టుకుని ముందుకు తూలింది. నేలకు చెయ్యి ఆనించిందంతే, మణికట్టు విరిగింది. ఇంత చిన్నదానికి విరక్కూడదే అని డాక్టరు ఎముకల సాంద్రత పరీక్ష రాశాడు. ఎముకలు గుల్లబారాయని, దాన్నే ఆస్టియోపోరోసిస్ అంటారని తేలింది. వెన్నులో ఒక పూస ఆవిడకు తెలియకుండానే నలిగి, ఎత్తు రెండు సెంటీమీటర్లు తగ్గింది. వైద్యానికి మూడు దారులున్నాయన్నాడు: వారానికో మాత్ర, ఆరు నెలలకో ఇంజెక్షను, ఏడాదికోసారి సెలైనులో ఎక్కించే మందు. రక్తపరీక్షలూ పళ్ల డాక్టరు దగ్గర చూపించుకోవడమూ అయిపోయాయి. ఎంచుకోవడం ఒక్కటే మిగిలింది. దాన్ని ఆవిడ రెండుసార్లు వాయిదా వేసింది.

భర్తది కళ్లజోళ్ల దుకాణం. నెమ్మదైన మనిషే కానీ మణికట్టు విరిగిన వారంలో ఇల్లంతా రబ్బరు చాపలు పరిచాడు, బల్లల మూలలకు స్పాంజీ అంటించాడు. ఇక ఎముకల సంగతి చెవిన పడితే తనను దూదిలో చుట్టి అలమారలో పెట్టి తాళం వేస్తాడని ఆవిడ భయం. అందుకే రిపోర్టును ఆఫీసు ఫైళ్ల మధ్య దాచింది.

స్నానాలగదిలో నీళ్ల చప్పుడు మొదలవగానే ఫోను తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది. చెల్లెలు వేరే ఊళ్లో మందుల షాపు నడుపుతోంది.

"అక్కా, రిపోర్టులో ఎముకల సాంద్రత స్కోరు ఎంతుందో సరిగ్గా చదువు" అంది చెల్లెలు.

"మైనస్ మూడు పాయింట్ ఒకటి. పైకి చూస్తే ఏమీ తెలీదు, లోపలంతా గుల్లే. మధ్యలో ఒకటి ఇప్పటికే నలిగిపోయింది. రెండు సెంటీమీటర్లు దిగింది."

"బావకి చెప్పావా?"

"ఎవరికీ చెప్పలేదు. చెబితే కొంపలో ఒక్కరికీ నిద్రుండదు."

"మరి పడితేనో?"

"ఇవాళ పడొచ్చు, పదేళ్లకి పడొచ్చు. ఒక్కసారి పడితే మాత్రం అతుకులతో పోయేది కాదు. ఏదైనా సరే, పదకొండు లోపు తేలిపోవాలి."

సరిగ్గా కింది బాల్కనీలో సంగీతం టీచరు తడిబట్టలు ఆరేస్తోంది. ఆవిడ చెవి మహా చురుకు. ఎంతమంది కలిసి పాడినా తప్పు పాడినవాళ్లను కళ్లు మూసుకుని పట్టేయగలదు. చెల్లెలి మాటలు వినపడలేదు గానీ అక్క మాట ఒక్కటీ పొల్లుపోలేదు. భవనాల ఇంజనీరు నోటివెంట గుల్ల అన్న మాట, దిగింది అన్న మాట, పదకొండు లోపు అన్న మాట వరసగా వినేసరికి ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో తువ్వాలుతోనే మొదటి అంతస్తుకు పరుగెత్తి, అపార్ట్‌మెంటు సంఘం సెక్రటరీ తలుపు కొట్టింది.

సెక్రటరీ తొందరపడే మనిషి కాదు. ఏ విషయమైనా నిర్ధారించుకోనిదే కదలడు. వెంటనే సుత్తి మేడానికి ఫోన్ చేశాడు.

"మేడం, ఒక్క మాట అడుగుతాను, దాచకండి. మైనస్ మూడు నిజమేనా?"

మేడం స్నానాలగది వైపు చూసి గొంతు తగ్గించింది. "మీకెవరు చెప్పారు?" అంది.

"అంటే నిజమేనన్నమాట. ఎన్నాళ్ల నుంచి తెలుసు?"

"నాలుగు నెలల నుంచి. సెక్రటరీ గారూ, ఇది నా సొంత విషయం. దయచేసి ఎవరితోనూ అనకండి."

"సొంత విషయమేమిటండీ? పన్నెండు కుటుంబాలున్నాయి ఇక్కడ."

"పన్నెండు కుటుంబాలకీ చెప్పేశారా?"

"ఇంకా లేదు. ఇప్పుడే చెబుతాను" అని ఆయన ఫోను పెట్టేశాడు.

తన ఎముకల సంగతితో సెక్రటరీకేం పనో అర్థంకాక మేడం తల పట్టుకుంది. భర్త దుకాణానికి బయల్దేరి కిందికి దిగాడు. ఆవిడ కాగితం మీద మూడు గడులు గీసి లెక్క మొదలుపెట్టింది. మాత్రయితే పరగడుపున గ్లాసెడు నీళ్లతో వేసుకుని, అరగంట తినకుండా, పడుకోకుండా ఉండాలి. ఇంజెక్షనయితే ఆరు నెలలకోసారి కచ్చితంగా పడాలి, మధ్యలో మానేస్తే వెన్నుపూసలు విరిగే ప్రమాదం పెరుగుతుంది. సెలైనయితే మొదటిసారి ఒకట్రెండు రోజులు జ్వరం రావచ్చు. మూడో గడి నిండుతుండగా మెట్ల మీద ఏదో దొర్లిన చప్పుడైంది. ఆ వెంటనే ఇంకోటి.

తలుపు తీసేసరికి భర్త రొప్పుతూ ఎదురుగా ఉన్నాడు.

"పద, పద. బిల్డింగు పడిపోతోందట."

"ఎవరన్నారు?"

"నువ్వే అన్నావట."

వివరం అడిగే వ్యవధి ఇవ్వకుండా ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. మెట్ల దగ్గరకొచ్చి మేడం ఆగిపోయింది. మొత్తం నలభై ఎనిమిది మెట్లు. వాటి నిండా చెప్పుల స్టాండు, చుట్టిన తివాచీ, ఇస్త్రీ బల్ల, మూతలేని అటుకుల డబ్బా. కింద ఇద్దరు ఫ్రిజ్ మోస్తూ మలుపులో ఇరుక్కుని నువ్వంటే నువ్వని పోట్లాడుకుంటున్నారు. మిగతావాళ్లకు అది కంగారు మాత్రమే. ఆవిడకు ఒక్కో మెట్టూ ఒక్కో ఎముక. పడకుండా చూసుకోండి, మిగతాది మందు చూసుకుంటుందని డాక్టరు అన్న మాట చెవుల్లో గింగురుమంది.

"నెమ్మదిగా. నేను పడకూడదు" అంది.

"బిల్డింగే పడుతుంటే నువ్వు పడకూడదంటావేమిటి?" అన్నాడు భర్త.

రెయిలింగు రెండు చేతులా పట్టుకుని, పక్కకు తిరిగి, అడుగులో అడుగు వేస్తూ పదకొండు మెట్లు దిగింది. పన్నెండో మెట్టు దగ్గర వెనక నుంచి "జరగండి జరగండి" అని కేక వినిపించింది. ఎదురింటివాళ్ల చేతుల్లోంచి జారిన పరుపు ఆవిడ పిక్కలకు తగిలింది. మేడం మెత్తగా దాని మీద కూలబడింది. పరుపు ఆగలేదు. ఆవిడను కూర్చోబెట్టుకుని ఐదు మెట్లు హుందాగా దిగి, మలుపులో గోడకు ఆనుకుని నిలబడింది.

మేడం కళ్లు గట్టిగా మూసుకుని ముందు తుంటి, తర్వాత నడుము, ఆ తర్వాత మణికట్టు కదిపి చూసుకుంది. ఏదీ విరగలేదు. మిగిలిన మెట్లు భర్తే ముందు దిగుతూ, అడ్డొచ్చిన సామానంతా కాలితో పక్కకు తోస్తూ దారి చేశాడు.

వీధిలో సగం సంసారాలు బయటపడి ఉన్నాయి. సంగీతం టీచరు హార్మోనియం ఒళ్లో పెట్టుకుని ఫుట్‌పాత్ మీద కూర్చుంది. ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, ఫైరింజను కూడా వచ్చింది. ఆఫీసరు దిగి, "రిపోర్టు ఇచ్చిన ఇంజనీరెవరు?" అని అడిగాడు. ముప్ఫై చేతులు సుత్తి మేడం వైపు చూపించాయి.

"నాలుగు నెలలు దాచారండీ. నేనడిగితే సొంత విషయమన్నారు" అన్నాడు సెక్రటరీ.

"గుల్లబారిందనీ, రెండు సెంటీమీటర్లు దిగిందనీ నేను స్వయంగా విన్నాను" అంది సంగీతం టీచరు.

మేడానికి అప్పుడు వెలిగింది. అబద్ధం చెప్పి తప్పించుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ ఫ్రిజ్ మోసి చెమటలు కక్కుతున్న ఆ ఇద్దరి మొహాలు చూశాక మనసొప్పలేదు.

"గుల్లబారింది బిల్డింగు కాదు, నేను" అంది. "ఆ రిపోర్టు నా ఎముకలది. దిగింది నా ఎత్తు. పదకొండుకి ఉన్నది డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు."

భర్త ఆవిడ దగ్గరకొచ్చి, అందరికీ వినపడకుండా అడిగాడు.

"నాలుగు నెలల నుంచా?"

"నువ్వు కంగారుపడతావని."

"కంగారుపడతాను. అది నా హక్కు. నీకు చెప్పుకునే మనిషి లేకుండా ఎందుకు చేసుకున్నావు?"

ఈలోగా జనం తేరుకున్నారు. ఒకాయన మాత్రే మంచిదన్నాడు. ఇంకొకావిడ ఇంజెక్షనన్నది. ఏ మందూ అక్కర్లేదు, రోజూ మెట్లెక్కితే చాలని మూడోవాడు ఫ్రిజ్ మీద చెయ్యేసి సలహా ఇచ్చాడు. చేతులెత్తించి తేల్చేద్దామని సెక్రటరీ అంటుండగా ఫైర్ ఆఫీసరు అడ్డుపడ్డాడు.

"మీరు చెప్పింది నిజమే కావచ్చు మేడం. కానీ ఇంతదూరం వచ్చాక పరీక్షించకుండా వీళ్లను లోపలికి పంపలేను. మీరే ఒకసారి చూసి చెప్పండి."

ఆఫీసరు సరేనన్నాక భర్త ఒక్కడే పైకి వెళ్లి సుత్తి తెచ్చిచ్చాడు. కింద కార్లు పెట్టే చోట మేడం ఒక్కో పిల్లరూ తడుతూ వెళ్లింది. ఖంగ్. ఖంగ్. గట్టి శబ్దం, నిండైన శబ్దం. జనం చప్పట్లు కొట్టబోతున్నారు. ఏడో పిల్లరు తట్టి ఎనిమిదో దానివైపు కదులుతుంటే సంగీతం టీచరు గొంతు సవరించుకుంది.

"ఏమీ అనుకోకండి మేడం. ఇది శ్రుతి తప్పింది."

మేడం వెనక్కి వచ్చి, మోకాలి ఎత్తులో మళ్లీ తట్టింది. డొల్లగా మోగింది. ఇంకో రెండు దెబ్బలకు అరచెయ్యంత పెచ్చు ఊడి కింద పడింది. లోపల ఇనుప చువ్వలు తుప్పుపట్టి పొరలు పొరలుగా విచ్చుకుని ఉన్నాయి. పక్కనున్న నీళ్ల పైపు ఎన్నేళ్ల నుంచి కారుతోందో, పిల్లరు లోలోపలే నానిపోయింది.

సంగీతం టీచరు హార్మోనియాన్ని మరింత గట్టిగా హత్తుకుంది.

"ఇవాళ పడేది కాదు" అంది మేడం. ఆవిడ గొంతులోకి ఉద్యోగం వచ్చేసింది. "ముందు ఈ పిల్లరు మీది బరువు మోయడానికి పక్కన జాకీలు పెట్టించండి. తర్వాత బాగుచెయ్యడానికి మూడు పద్ధతులున్నాయి."

"ఇన్నేళ్లూ నిలబడే ఉంది కదా మేడం" అన్నాడు సెక్రటరీ. "ఇప్పటికిప్పుడు ఇబ్బందేమీ పెట్టడం లేదు. నిదానంగా ఆలోచించి, ఏ పద్ధతి మంచిదో కనుక్కుని, వచ్చే ఏడాది చేయిద్దాం."

మేడానికి ఒళ్లు మండింది. "ఇబ్బంది పెట్టేదాకా ఆగుతారా? లోపల సన్నగా అరిగిపోతుంటే పైన రంగు చూసుకుని మురిసిపోతారా? తెలియనప్పుడంటే వేరు. రిపోర్టు చేతికొచ్చాక కూడా వాయిదాలు వేసే మనిషిని ఏమనాలండీ?"

అని ఆగిపోయింది. భర్త ఆవిడ వైపే చూస్తున్నాడు. గడియారం చూసుకుని, "పదిన్నర. ఆటో పిలవనా?" అన్నాడు.

ఆటోలో ఆవిడ గడులు గీసిన కాగితం ఆయన చేతికిచ్చింది. ఆయన కళ్లజోడు సవరించుకుని మూడూ చదివాడు.

"వారం వారం గుర్తుపెట్టుకోవడం నీవల్ల కాదు."

"కాదు. ఆరు నెలల ఇంజెక్షనూ అంతే. ఏ సైటు మీదో ఉండి తప్పిపోతే ప్రమాదం. ఏడాదికోసారిదే మేలు."

"జ్వరమొస్తే?"

"నువ్వున్నావుగా, కంగారుపడటానికి."

ఆయన మొదటిసారి నవ్వాడు. కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నాడు.

రక్తపరీక్షలు ఇంకోసారి చూసి, ఆవిడకు అదే సరిపోతుందని డాక్టరు కూడా అన్నాడు. పావుగంట పైచిలుకులో మొదటి సెలైను ఎక్కింది. రాత్రికి కాస్త జ్వరమొచ్చి మర్నాటికి తగ్గింది. పరంజా ఎక్కడం మానాలని భర్త, మాననని ఆవిడ వారం రోజులు వాదించుకుని, నడుముకు సేఫ్టీ బెల్టు కట్టుకుని ఎక్కేటట్టు రాజీపడ్డారు. మూడు చాపలు తీసేయడానికి ఆయన ఒప్పుకున్నాడు.

ఏడో పిల్లరుకు జాకీలు పెచ్చు ఊడిన రోజు సాయంత్రమే పెట్టించారు గానీ, మూడు పద్ధతుల్లో ఏది మంచిదన్నది సంఘం ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంది.