ఎదురొచ్చే పవరు

రాకెట్టూ రాక్షసుడూ ఒకే కథలో ఉండకూడదని ఎవరన్నారు? వాళ్లెప్పుడూ శిరివెళ్ల వైపు రాలేదేమో! మా మరిది కొడుకు మనోజ్, పొలానికి మందు కొట్టే డ్రోను కొని, ముందుగా దానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. శాటిలైటుతో మాట్లాడే యంత్రానికి దిష్టి తగలదా మరి!

అందుకే శనివారం నంద్యాలలో మా ఇంట్లో పిల్లలు ఆడిన ఆట నాకు తెగ నచ్చింది. ఎవరి పాత్రను వాళ్లు కాగితం మీద రాసుకుని, పాచికలు వేస్తూ కథ నడపాలి. కథ చెప్పేది మనోజ్ చెల్లెలు అర్చన. మంత్రగాళ్లూ రోబోలూ, కోట మీద వాలిన రాకెట్టూ, దాన్ని నడిపే రాక్షసుడూ, దేన్నీ వద్దనలేదు. ఒకటే షరతు. ఎవరి పవరూ మిగతావాళ్లను మించకూడదు. దాన్ని బ్యాలెన్స్ అంటారట!

మనోజ్ ఎగరడం, మాయమవడం, ఇనుప ఒళ్లు రాసుకున్నాడు. అర్చన రెండు కొట్టేయించింది. నన్నూ ఆటలో కూర్చోబెట్టారు కాబట్టి నేను ఒకటే రాసుకున్నాను: ఎదురొస్తుంది.

మా ఆయన పోయిన పదకొండేళ్లుగా నాకున్న పవరు అదే కదా! నన్ను చూసి ఆళ్లగడ్డకు పోయే పెళ్లికారు వెనక్కి తిరగలేదా? విత్తనాల ట్రాక్టరు గంటసేపు ఆగలేదా?

రాకెట్టు బయలుదేరింది. పాచిక వేసి ఎదురెళ్లాను. అంతే! రాక్షసుడు దిగి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, ప్రయాణం మానుకున్నాడు.

మనోజ్ ఒప్పుకోలేదు. "మనిషి ఎదురొస్తే రాకెట్టు ఆగుతాదా పెద్దమ్మా? ఇట్లయితే మేమంతా ఈడ ఏం చేస్తాండాం?" అంటూ నా కాగితం లాక్కుని, తన చేత్తోనే ఆ మాట కొట్టేసి తిరిగిచ్చాడు.

ఆదివారం పొద్దున పొలంలో డ్రోనుకు కొబ్బరికాయ కొట్టారు. అది మొదటిసారి లేవడం చూడాలని నాకు నెల రోజులుగా ఆశ. మనోజ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"పెద్దమ్మా, అది లేసేదాక షెడ్డులో కూర్చో."

కొంగుముడి విప్పి కాగితం చూపించాను.

"నా పవరు నిన్న నువ్వే కొట్టేస్తివి కదప్పా. ఇంకా భయమేంది?"

అర్చన మూతికి చున్నీ అడ్డం పెట్టుకుంది. మనోజ్ కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు, రిమోటు నొక్కాడు.

డ్రోను ఆగలేదు! నిమ్మకాయ ఊపుకుంటూ నా నెత్తి మీదుగా పోయింది.

పాఠకులారా, నష్టం నాదే! పెళ్లికార్లను తిప్పిన దాన్ని, ఇప్పుడు నన్ను చూసి కోడిపిల్ల కూడా ఆగడం లేదు. అంత గొప్ప పవరు ఒక్క పెన్నుగీతతో పోయింది.

ఒక్కటే అర్థం కాదు. ఈ పదకొండేళ్లలో మా వాళ్లెవరి జేబులోనూ పెన్ను లేదా?