శుక్రవారాల్లో వేడెక్కే జాడీ

ఆ శుక్రవారం ప్రచార అధికారి పెట్టుకున్న పని ఒక్కటే, పన్ను పీకించుకోవడం. వదినగారిని ఆఫీసు దగ్గర దింపి, డాక్టరు దగ్గరికి వెళ్ళి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేయాలి. వదినగారంటే భార్యకు అక్క. ఇంధన శాఖ భవనంలో పై అంతస్తున ఆయన ప్రచారం చేస్తుంటే, అదే భవనం నేలమాళిగలో ఆవిడ పరిశోధన చేస్తుంది. ఇద్దరూ ఒకే కారులో వెళ్తారు కాబట్టి, చెప్పకూడని విషయాలు కూడా దారిలో దొర్లిపోతుంటాయి.

ఆ ఉదయం దొర్లింది జాడీ సంగతి. ఆవిడ గదిలో గోడవారగా ఒక గాజు జాడీ, అందులో నీళ్ళు, నీళ్ళలో రెండు లోహపు కడ్డీలు ఉంటాయి. వాటికి ఇచ్చిన కరెంటుకు ఎంత వేడి రావాలో లెక్క ఉంది. జాడీ అంతకన్నా ఎక్కువ వేడెక్కుతోంది. నిజమైతే, ఇచ్చినదానికన్నా ఎక్కువ శక్తి పుట్టిస్తోందన్నమాట.

"అదీ శుక్రవారాల్లోనే. ఎందుకో అంతు పట్టడం లేదు మరిదిగారూ," అందావిడ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

"అంతు పడితే పెద్ద వార్తే వదినా."

"పడితే నేనే చెప్తాను. అంతదాకా మీ చెవిన వేయడం కూడా తప్పే."

ఆవిడ భయం ఉత్తి భయం కాదు. ఇలాంటి జాడీల పేరెత్తితేనే తోటి శాస్త్రవేత్తలు ముసిముసిగా నవ్వుతారు. తేలకముందే గొప్పలు చెప్పుకుని నవ్వులపాలైనవాళ్ళు ఈ దారిలో బోలెడుమంది. గది మూసేద్దామని డైరెక్టరుగారు అన్నప్పుడు, ఈ ఏడాది ఆఖరి వరకూ ఆగమని ఆవిడ బతిమాలుకుంది. ఈలోగా అల్లరై, ఆనక అబద్ధమని తేలితే, ఆ జాడీని మళ్ళీ ముట్టుకునే అవకాశం ఆవిడకే ఉండదు.

ఆవిడకు తెలియని సంగతి ఒకటుంది. మరిదిగారికి ప్రకటనలు ముందే రాసి పెట్టుకునే అలవాటు. ఇంకా స్తంభాలే లేని వంతెనకు ప్రారంభోత్సవ వార్త, నిక్షేపంలా తిరుగుతున్న పెద్దలకు సంతాపాలు, అన్నీ ఆయన కంప్యూటరులో సిద్ధంగా ఉంటాయి. ఆయా పనులు జరగడమే తరువాయి. జాడీ గురించి కూడా ఆయన ఎప్పుడో రాసేశాడు, చాలా ఇష్టపడి రాశాడు.

పళ్ళ డాక్టరు ఆయన నోట్లో చేతులు పెట్టి ఉన్న సమయానికి, ఆ వారం వెబ్‌సైటులో వేయడానికి వార్త లేదని డైరెక్టరుగారు తహతహలాడుతున్నారు. రెండుమూడుసార్లు ఫోన్ చేసి, పలక్కపోయేసరికి తానే వెళ్ళి ఆ కంప్యూటరు తెరిచారు. జాడీ ప్రకటన కనిపించింది. చదివితే మరీ వినయంగా ఉన్నట్టు తోచి, 'ఇక ప్రతి ఇంటికీ ఉచిత విద్యుత్తు' అనే మాట సొంతంగా చేర్చి వదిలేశారు.

బుగ్గలో దూదితో ప్రచార అధికారి తిరిగొచ్చేసరికి గేటు ముందు టీవీ బళ్ళు బారులు తీరి ఉన్నాయి. సంగతి తెలిసి డైరెక్టరుగారి గదిలోకి పరిగెత్తాడు. మత్తు వదలని నోట్లోంచి మాట పెగల్లేదు, కళ్ళ వెంట నీళ్ళు మాత్రం వచ్చాయి. డైరెక్టరుగారి మనసు కరిగిపోయింది.

"ఊరుకోవయ్యా, పేరు నీకే ఇప్పిస్తాను," అని భుజం తట్టారు.

సాయంత్రానికి నీటి సరఫరా శాఖవారు ఇంకో ప్రకటన ఇచ్చారు, జాడీలో నీళ్ళు తమవేనని. మర్నాడు ఒక పెద్దావిడ ఇంటి కరెంటు మీటరు ఊడదీయించి సంచిలో వేసుకుని వచ్చింది. ఇక దీంతో పనిలేదట కదా, మీ వస్తువు మీరే ఉంచుకోండని కౌంటరు మీద పెట్టి, రసీదు కూడా అడక్కుండా వెళ్ళిపోయింది. ఆ సాయంత్రమే మంత్రిగారి కార్యాలయం నుంచి కబురొచ్చింది. వచ్చే శుక్రవారం ఆయన స్వయంగా వచ్చి జాడీని చూస్తారట.

ఇంట్లో భార్య ప్రచార అధికారితో మాట్లాడటం మానేసింది. వదినగారు తిడుతుందనీ, తిట్టాలనీ ఆయన ఎదురుచూశాడు. నిజంగా సిగ్గుపడుతున్నాడు పాపం. ఆవిడకేమో తిట్టే తీరిక కూడా లేదు.

"మీరు వార్త వేసిన దగ్గర్నుంచీ జాడీ రోజూ వేడెక్కుతోంది, అదీ ఎప్పుడూ లేనంతగా," అంది కారులో. "మీ ప్రకటన సంగతి దానికెలా తెలిసింది?"

తమాషా ఏమిటంటే, ఆయనకూ తెలుసుకోవాలనిపించింది. రాయడానికి కాదు, ఊరికే తెలుసుకోవాలని. ఇన్నేళ్ళ ఉద్యోగంలో అది కొత్త అనుభవం.

శుక్రవారం రానే వచ్చింది. ఆ చిన్నగది మంత్రిగారితో, అధికారులతో, కెమెరాలతో కిక్కిరిసిపోయింది. డైరెక్టరుగారు సైగ చేయగా వదినగారు కరెంటు ఇచ్చింది. కాసేపటికి వేడి కొలిచే ముల్లు లేచింది, ఉండవలసిన గీత దాటి ఇంకా పైకి పోయింది. చప్పట్లు మోగాయి.

వదినగారు మాత్రం చప్పట్లు వినడం లేదు. జాడీ మీద చెయ్యి పెట్టింది. జాడీకి ఇటువైపు కన్నా గోడవైపు ఎక్కువ వేడిగా ఉంది. గోడ మీద చెయ్యి పెట్టి, చటుక్కున తీసేసింది. ఎవరికీ ఏమీ చెప్పకుండా జనాన్ని తోసుకుని బయటికి నడిచి, పక్కగది తలుపు తీసింది. ప్రచార విభాగం అచ్చుయంత్రం ఉండే గది అది. జాడీ గోడకు సరిగ్గా అవతల ఆ యంత్రం వేడిగాలి కక్కుతూ ఆపకుండా కాగితాలు వేస్తోంది. వారానికోసారి, శుక్రవారం, పత్రికలవాళ్ళకు పంచే ప్రతుల కోసం తిరిగే యంత్రం ఈ వారమంతా రోజూ తిరిగింది.

ఆవిడ స్విచ్ ఆపేసి వచ్చి నిలబడింది. చూస్తుండగానే ముల్లు కిందికి జారడం మొదలుపెట్టింది.

"ఈ వేడి జాడీది కాదండీ, పక్కగదిది," అంది మంత్రిగారితో.

"ఏం అచ్చేస్తున్నారక్కడ?" అన్నారు మంత్రిగారు.

ప్రచార అధికారికి ఈసారి నోరు బాగానే ఉంది, చెప్పక తప్పలేదు.

"ఈ జాడీ గురించేనండి."

ఆ తరువాత అందరూ చేతులు దులుపుకున్నారు. జాడీలో నీళ్ళు తమవి కావని నీటి సరఫరా శాఖ ఖండించింది. పెద్దావిడ మీటరు మళ్ళీ బిగించి వచ్చారు. వదినగారు మాత్రం పుస్తకాలు పెట్టెలో సర్దుకుని, గది మూసేసే ఉత్తర్వు కోసం కూర్చుంది. ఎన్ని రోజులు చూసినా రాలేదు. మూసేయాలంటే కాగితం మీద జాడీ పేరు రాసి కింద సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టే ధైర్యం శాఖలో ఎవరికీ లేకపోయింది. అచ్చుయంత్రాన్ని మాత్రం పై అంతస్తుకు చేర్చారు. నేలమాళిగ వైపు ఎవరైనా వెళ్తే ఒట్టు.

కొన్నాళ్ళకు ప్రచార అధికారి ఒక మధ్యాహ్నం కిందికి దిగాడు. గోడ చల్లగా ఉంది, పక్కగది ఖాళీగా ఉంది. వదినగారు జాడీ ముందు వంగి కూర్చుని ఉంది. ముల్లు గీత మీద లేదు. గీతకు వెంట్రుకవాసి పైన ఉంది.

"ఇదెక్కడి నుంచి వదినా?"

"తెలీదు," అంది ఆవిడ. అంత సంతోషంగా ఉన్న ఆవిడను ఆయన ఎన్నడూ చూడలేదు. "కప్పు దగ్గరి కిటికీ కావచ్చు, నా ఊపిరి కావచ్చు. ఒక్కొక్కటే చూసుకోవాలి."

ఆయన ఊపిరి బిగబట్టి, రెండడుగులు వెనక్కి వేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి వచ్చేశాడు. మెట్ల దగ్గర డైరెక్టరుగారు ఎదురై, కింద ఏమైనా విశేషమా అని అడిగితే, పాత సామాను తప్ప ఏమీ లేదన్నాడు.

ఆయన ఉద్యోగంలో ప్రకటించకుండా వదిలేసిన మొదటి విషయం అదే, నిజమయ్యే అవకాశం ఉన్నది కూడా బహుశా అదొక్కటే.