ఖాళీ ట్యాంకుకు జేజేలు

విమానంలో పెట్రోలు అయిపోవడం ప్రమాదమని ఎవరన్నారండీ? అది వరం! మా బావను అడగండి.

మా బావ ఫ్లయింగ్ క్లబ్బులో పెద్దమనిషి. క్లబ్బుకున్నది ఒక్కటే విమానం, రెండు సీట్లది. పెట్రోలు చూపించే ముల్లు ఏళ్ల తరబడి సగం దగ్గరే మొరాయించి నిలబడింది. అందుకని ఎక్కేముందు ట్యాంకులో పుల్ల ముంచి చూడాలని రూలు. దిగినవాడు ట్యాంకు నింపి వెళ్లాలన్నది ఇంకో రూలు. మరి పుల్ల ముంచితే, ముందు నడిపినవాడు నింపలేదేమోనని అనుమానించినట్టు కాదూ? అంత మాట ఒక పెద్దమనిషిని అనవచ్చా? కాబట్టి క్లబ్బులో ఎవరూ పుల్ల జోలికి పోరు.

మొన్న ఆదివారం బావ మా అక్కను ఎక్కించుకున్నాడు.

"పెట్రోలు చూశారా అండీ?" అని అడిగింది అక్క.

"ముందు నడిపింది ప్రెసిడెంటుగారు. ఆయన్నే అనుమానించమంటావా?" అన్నాడు బావ. అక్క బెల్టు పెట్టుకుంది.

ఊరు దాటారో లేదో, ఇంజను ఆగిపోయింది. ఇక చూసుకోండి, వరాలే వరాలు! అంతవరకూ ఆ రొదలో ఒకరి మాట ఒకరికి వినపడని మొగుడూ పెళ్లాం ప్రశాంతంగా మాట్లాడుకున్నారు. మాట్లాడింది అక్కే అనుకోండి. విమానం బంగాళాదుంపల చేలో దిగి, కంచె విరగ్గొట్టి, ముక్కు మట్టిలో కూరుకుని ఆగింది. మంట లేదు, పొగ లేదు. అంటుకోవడానికి చుక్క పెట్రోలుంటేగా! అదే ట్యాంకు నిండుగా ఉండుంటే ఎంత ఘోరం జరిగిపోయేదో!

బావకు నుదుటి మీద చిన్న గీరు. అక్కకు కుడిచెయ్యి రెండుచోట్ల విరిగింది. ఆమె పళ్ల డాక్టరు. మళ్లీ పనిముట్టు పట్టుకోగలదో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఊళ్లో పుచ్చుపళ్లవాళ్లంతా హాయిగా ఊపిరి పీల్చుకున్నారు.

"అయితే ఇక నామీద నమ్మకం లేదన్నమాట," అన్నాడు బావ, ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని.

"మీమీద ఉందండీ. ట్యాంకు మీదే లేదు. ఇకనైనా ఎవరో ఒకరు చూడండి," అంది అక్క.

క్లబ్బు అత్యవసరంగా సమావేశమైంది. తానెక్కినప్పుడూ ఎవరో నింపే ఉంటారనుకున్నానని ప్రెసిడెంటుగారు సెలవిచ్చారు. సభ్యులందరూ నిర్దోషులని తేలింది. బయల్దేరేముందు ప్రయాణికురాలు వేసిన ప్రశ్నవల్లే పైలట్ మనసు చెదిరిందని నిర్ధారించారు. ఇకమీదట విమానం ఎక్కేవాళ్లు ప్రశ్నలు వేయరాదని తీర్మానం పెట్టారు.

మొదట చెయ్యెత్తింది మా బావే. ఎత్తడానికి ఆయనకు రెండు చేతులూ లక్షణంగా ఉన్నాయి మరి.