కోదండరామి పేరు మీద ఉరుకుందప్ప గుండె

ఆ పొద్దున కోదండరామి వేసుకున్న పథకం చిన్నదే. పదింటికల్లా సత్యనారాయణపేట ఆస్పత్రిలో గుండె చూపించుకోవాలి, పన్నెండింటికల్లా సిరుగుప్పలో తన లారీల దగ్గర ఉండాలి. గుండె బలహీనమని తేలితే ఆఫీసు తాళాలు కొడుకు జగదీశ్‌కి ఇచ్చేయాలని భార్య ప్రమీలమ్మ ముందే మాట తీసుకుంది. ఆస్పత్రి వెతికిందీ జగదీశే. అక్కడే ఆయనకు తేడా కొట్టింది. ఏడు లారీలకు యజమాని కాకముందు నుంచే ఆయన అనుమాని.

డాక్టర్ గౌతమి కొత్త మెషిన్ చూపించింది. "త్రీడీ ఎకో. గుండె గోడల హద్దులు తనే గీసి, ఎంత బలంగా కొట్టుకుంటాందో చెప్తాది. నేను సరిచూస్తా."

"హద్దు మెషిన్ గీస్తాదా? సర్వేయరు గీస్తేనే మా చేను మూడడుగులు పక్కోని చేన్లోకి నడిచిపాయె గదమ్మా!"

వడ్ల తేమ చూసే మెషిన్‌నే నమ్మనివాడు, ప్రేమ దాగే గుండెను చూసే మెషిన్‌ను నమ్ముతాడా? రైస్‌మిల్లులో ఆయనకో పద్ధతి ఉంది. తన వడ్లు పక్కవాడి పేరుతో, పక్కవాడి వడ్లు తన పేరుతో పంపుతాడు. మెషిన్ వడ్లను చూస్తోందో, పేరును చూస్తోందో దాంతో తేలిపోతుంది.

తన డ్రైవర్ ఉరుకుందప్పకూ ఒక పరీక్ష చీటీ రాయించి, మూలకు పిలిచాడు.

"లోపల నా పేరు చెప్పి పండుకో. నేను నీ పేరు చెప్తా."

"మధ్యలో నా గుండె ఎందుకప్పా?"

"సుమ్నే, ఊరికే పండుకో. అరిగిపోతాదా?"

మెషిన్ నడిపే సిద్ధేశ్‌కి ఇద్దరూ కొత్త మొహాలే. అరగంటలో రెండు కాగితాలు బయటికొచ్చాయి. 'ఉరుకుందప్ప' గుండె ఉక్కు. 'కోదండరామి' గుండె ఉండాల్సిన బలంలో సగంతో నడుస్తోంది, వెంటనే చేర్చాలి.

కోదండరామి మొహం వెలిగిపోయింది. దొంగ దొరికాడు! ఆయన నోరు తెరిచేలోపే ప్రమీలమ్మ ఏడుపందుకుంది, జగదీశ్‌కి ఫోన్ వెళ్లింది, వెనక నుంచి చక్రాల కుర్చీ వచ్చి మోకాళ్లకు తగిలింది.

"అది నా గుండె కాదు!" అని అరిచాడు.

"చూస్తిరా? ఇన్నాళ్లూ ఊర్లో వాళ్లను నమ్మలేదు. ఇప్పుడు సొంత గుండెనే నమ్మడంలేదు!" అంది ప్రమీలమ్మ.

మధ్యాహ్నానికల్లా రెండో అంతస్తులో ఆయన మంచం చుట్టూ సిరుగుప్ప సగం చేరింది. మొలనున్న తాళాలు జగదీశ్ చేతికి మారాయి. పరుపు, ఫ్లాస్కు, పండ్ల బుట్టలు ఒక్కొక్కటే ఉరుకుందప్ప మోసుకొస్తున్నాడు, మలుపు మలుపుకూ ఆగుతూ.

తాళాలు పోగానే కోదండరామి అసలు సంగతి కక్కేశాడు. "అంతా మోసం! పేరు చూసి రోగం రాస్తాండారు! ఆడ నా పేరుతో పండుకున్నది నేను కాదు, వీడు!"

వేలు చూపిన వైపు అందరూ తిరిగారు. ఉరుకుందప్ప గుమ్మంలో బుట్ట దించి రొప్పుతున్నాడు.

గౌతమి నెమ్మదిగా అడిగింది. "పేర్లు మారిస్తిరి సరే. గుండెలు మారతాయా?"

చాచిన వేలు గాలిలోనే ఉండిపోయింది. గౌతమి ఇద్దరినీ సొంత పేర్లతో మళ్లీ పడుకోబెట్టి, హద్దులు తన చేత్తోనూ గీసింది. లెక్క మారలేదు.

"మెషిన్‌ను మీరే బాగ పరీక్ష చేసినారు. రోగం బేగ దొరికింది, మందులకు లొంగుతాది. ఇతనికి మాత్రం స్టీరింగు, మోతలు బంద్," అంటూ జరిగింది అందరికీ విడమరిచి చెప్పింది. జగదీశ్ తాళాలు తిరిగిచ్చేశాడు. తండ్రి వాటి వైపు చూడకుండా ఉరుకుందప్ప వైపు తిరిగాడు.

"ఈ ఆయాసం ఎన్నాళ్ల సందిరా?"

"ఏడాదప్పా."

"చెప్పకపోతివే!"

"చెప్తే నమ్ముతావా అప్పా? లీవు కోసం నాటకమంటావు."

కోదండరామి ఉరుకుందప్పను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, తనే వార్డు వైపు తోశాడు.

"మెల్లగప్పా, మలుపుండాది."

ఇరవై ఏళ్లలో డ్రైవరు మాటను కోదండరామి అనుమానించకుండా విన్నది అదే మొదటిసారి.