వెంట్రుక పట్టిన సొరంగం

ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, వడమాలపేట దాటాక గుర్రప్పకొండ కింద తొలిచిన కొత్త రోడ్డు సొరంగంలో పగులు లేదు. ఉన్నది వెంట్రుకవాసి గీత మాత్రమే. ఈ సంగతి పెద్ద ఇంజనీరు గిరిప్రసాద్ గారు స్వయంగా, సొరంగం బయట నిలబడి, సెలవిచ్చారు.

గీతను మొదట చూసినవాడు కాపలాదారు కుప్పయ్య. తప్పంతా అతనిదే. కాపలా కాయమన్నది సిమెంటు మూటలను గానీ నడినెత్తి మీది కాంక్రీటును కాదు. పైగా నెలలో ప్రారంభోత్సవం. ఆ రోజే అతని ఉద్యోగం పర్మనెంటు చేస్తామని మాటిచ్చి ఉన్నారు. అలాంటి మనిషి తల వంచుకోవాలి గానీ తలెత్తి పైకప్పు చూడవచ్చునా?

కానీ కుప్పయ్య ఇరవై ఏళ్లు బావుల్లో ఒరలు దించినవాడు. నోరు ఊరుకోలేదు.

“అడ్డంగా పడే నెర్ర కాంక్రీటు ఆరేటప్పుడు పడేదే సామీ, దాంతో భయం లేదు. ఇది నెత్తిమీద పొడుగునా పోతా ఉండాది. పైనుంచి కొండ కప్పును వంచతా ఉండాది. నడినెత్తి మోయలేని బరువు రెండు పక్కలా భుజాల మీదికి దిగుతాది. రేపు భుజాలు గూడా పగిలితే ఇంకెవురు మోస్తారు సామీ?”

“భుజాలు ఉండేదే మోయడానికి కదయ్యా,” అన్నారు గిరిప్రసాద్ గారు. ఇంత సులువైన లెక్క మన కళాశాలల్లో ఎందుకు చెప్పరో తెలియదు.

వెంటనే ఉత్తర్వు వెలువడింది: ‘వెంట్రుక పట్టినంత కాలం సదరు గీతను వెంట్రుకవాసి గీతగానే పరిగణించవలెను.’ కుప్పయ్య రోజూ నిచ్చెన ఎక్కి, వెంట్రుక దూర్చి, పుస్తకంలో రాయాలి.

మొదటి వారం కుప్పయ్య తలవెంట్రుక ఒకటి పట్టింది. రెండో వారం ఒక్క వెంట్రుక నిలవక జారిపోతుంటే పిలక దూర్చారు. పట్టింది. ఉత్తర్వులో ‘వెంట్రుక’ అని ఉంది గానీ ఎన్ని అని లేదు. మూడో వారం, సొరంగం వాకిట్లో టీ అమ్మే గంగులమ్మ సవరం అడిగి తెచ్చారు. అదీ సుఖంగా పట్టింది.

“నా సవరం ఇచ్చెయ్యి అబ్బా, పెండ్లికి పోవాల!”

“కొండ పట్టుకునుండాది అక్కా. పీకితే పైనుంచి ఏమొస్తాదో!”

సవరం వెంట్రుక కిందికి వస్తుందా రాదా అన్న మీమాంస పైన తిరుపతి ఆఫీసుదాకా వెళ్లింది. వస్తుందని తేల్చారు. వెంట్రుకల విషయంలో తిరుపతి వాళ్లకు చెప్పగలవాడెవడు?

ప్రారంభోత్సవం వైభవంగా జరిగింది. “ఈ కొండను మనం లొంగదీశాం!” అన్నారు మంత్రివర్యులు. కొండ మాత్రం వంచే పనిలో ఉంది. రిబ్బను కత్తిరించి, కార్లన్నీ పాత రోడ్డునే వెనక్కి వెళ్లాయి. సొరంగం ప్రజల సొత్తు కదా, పెద్దలు వాడుకుంటే బాగుంటుందా?

మర్నాడు పొద్దున్నే, పర్మనెంటు కాగితం జేబులో పెట్టుకుని, కుప్పయ్య ఎర్ర తువ్వాలు పట్టుకుని రేణిగుంట బస్సుకు అడ్డం నిలబడ్డాడు.

“పాత రోడ్డున పోండప్పా! నిన్నటిదాకా ఉద్యోగానికి భయపడి నోరు మూసుకున్నా. ఈడ నెర్ర పెరగతా ఉండాది!”

“నువ్వేమన్నా ఇంజనీరా? జరుగు!”

“పాత రోడ్డంటే అరగంట ఎక్కువప్పా! షిఫ్టుకు గేటు మూసేస్తే జీతం నువ్విస్తావా?”

“పడేదుంటే నిన్న మంత్రి వచ్చినప్పుడే పడుండాల!”

మంత్రి లోపలికే పోలేదని కుప్పయ్య చెప్పబోయాడు. హారన్లలో వినపడలేదు.

అయినా మూడు రోజులు అలాగే నిలబడ్డాడు, మూడు రోజులూ బస్సులు పాత రోడ్డున చుట్టూ తిరిగే పోయాయి. అధికారులు ఏమీ చేయలేకపోయారు. పర్మనెంటు మనిషిని కదిలించాలంటే కారణం కావాలి. ఆ కారణం మేమిచ్చాం. ప్రజల విలువైన కాలాన్ని వృథా చేస్తున్న కాపలాదారును తక్షణం తొలగించాలని బస్సులోనే అర్జీ రాశాం. సాయంత్రానికల్లా కుప్పయ్యను ఎక్కడో గోడౌనుకు మార్చేశారు. ప్రభుత్వం ఇంత త్వరగా స్పందించడం మా జన్మలో చూడలేదు.

అర్జీలో మొదటి సంతకం నాది. కింద ఇంకా చాలా చోటుంది. మీరూ అటే కదా పోయేది?