ప్రభుత్వ పురుగులు

కందులను తొలిచే పెంకు పురుగు మీద ప్రభుత్వం సమరం ప్రకటించింది. శనివారం పదకొండు గంటలకు, కట్టంగూర్ దగ్గరి ఒక ఊరి రైతు వేదికలో, మంత్రిగారు స్వహస్తాలతో వేపగింజల సారం చల్లి 'హరిత కవచం' పథకాన్ని ప్రారంభిస్తారని పత్రికల్లో వచ్చింది. పది నిమిషాల్లో, టీవీ కెమెరాల ఎదుటే పురుగులు చస్తాయని కూడా వచ్చింది.

అన్నీ సిద్ధమయ్యాయి. పురుగులే తక్కువ.

వాటిని సమకూర్చే బాధ్యత వ్యవసాయ విస్తరణాధికారి నవనీత మీద పడింది. ఆమె ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు; ప్రొబేషన్ ఇంకా తీరలేదు. బుధవారం పొద్దున్నే ఖాళీ గాజు సీసా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మీ కందుల్లో పురుగులున్నాయా అని అడగడం, ఇల్లాలిని పట్టుకుని మీ తలలో పేలున్నాయా అని అడగడంతో సమానమని మూడో ఇంట్లో గానీ ఆమెకు తెలిసిరాలేదు.

రైతు వేదిక గోడకు ఆనుకునే లాడ్లీ బేగం ఇల్లు. ఆమె కందుల గుమ్మి మూత తీసింది.

"చెయ్యి పెట్టి చూడు బిడ్డా. ఒక్క పురుగు దొరికినా గుమ్మి నీదే."

"ఏం కలుపుతరమ్మా?"

"తినేటివాట్ల ఎండిన వావిలాకు. విత్తనాలకైతే సీతాఫలం గింజల పొడి. నాకు మా అత్త చెప్పింది, ఆమెకు వాళ్లత్త. ఏ మంత్రీ చెప్పలే."

నవనీత పై అధికారి నాగరాజుకు ఫోన్ చేసింది.

"సార్, ఊర్ల పురుగుల్లేవు."

"లేకుంటే ఎట్లమ్మా? పథకం శాంక్షనైంది!"

"వీళ్లు ముందునుంచే ఆకులు వాడుతున్నరు సార్."

"అనుమతి లేకుండనా?" నాగరాజు గొంతులో నిజమైన బాధ వినిపించింది. "సరే, ఫికర్ చెయ్యకు. మన గోదాంల స్టాకున్నది."

"కందులా సార్?"

"పురుగులు."

గురువారం రైతు వేదికలో పురుగు పట్టిన కందుల సంచి దిగింది, ఐదు కిలోలు. కింద పెడితే కొద్దిగా కదిలినట్టే అనిపించింది. నవనీత సంతకం చేసి తీసుకుంటుంటే లాడ్లీ బేగం వచ్చింది. సంచి చూడగానే ఆమె ముఖం మారిపోయింది.

"బిడ్డా, గీ గోడవతల్నే నా విత్తనాలున్నయి. తొలకరి దాక కాపాడుకోవాలె. పొడి కలపనియి గూడ రెండు కుండలున్నయి. గవి ఎగిరొచ్చి పడితే నేనేం విత్తాలె?"

నవనీత వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. శనివారం దాకా పురుగులు బతకాలి. ఈమె విత్తనాలు బతకాలి. ప్రొబేషన్ బతకాలి. బేగం ఇంట్లోకి వెళ్లి సీతాఫలం గింజల పొడి పొట్లం తెచ్చి నవనీత చేతిలో పెట్టింది. నవనీత పొడంతా సంచిలో కలిపి, మూతి బిగించి కట్టింది.

శనివారం మంత్రిగారు చప్పట్ల మధ్య సంచి విప్పి గాజు తొట్టిలో పోశారు. ఒక్క పురుగూ కదల్లేదు. ఎత్తిన సారం సీసా ఎత్తినట్టే ఉండిపోయింది.

"నాగరాజుగారూ, నేను చంపాల్సినయి ఎవరు చంపిండ్రు?"

నాగరాజు ఇరవై రెండేళ్ల సర్వీసు ఊరికే పోలేదు.

"మీరు బయల్దేరిండ్రని తెల్వంగనే, భయానికే సార్..."

మంత్రిగారు వినయంగా తల వంచారు. కెమెరాలు మెరిశాయి.

సంచి అడుగున పొడి దొరికింది. సోమవారం నవనీతకు మెమో వచ్చింది. 'ప్రభుత్వ పురుగులను ప్రారంభోత్సవానికి ముందే సంహరించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపగలరు.' ఆమె క్షమాపణ కోరలేదు. పక్కింటి విత్తనాలకు ముప్పు ఉన్నందున చంపానని రాసిచ్చి, ఇంటికి వెళ్లి సామాను సర్దుకుంది.

కానీ ప్రభుత్వం మరోలా ఆలోచించింది. మంత్రిగారు ఇంకా నలభై మండలాల్లో పథకం ప్రారంభించాలి. అన్నిచోట్లా హుషారైన పురుగులు కావాలి. అందుకని జిల్లా కేంద్రంలో 'పప్పు పురుగుల పరిరక్షణ కేంద్రం' వెలసింది. పురుగులు ఎలా చస్తాయో తెలిసిన ఏకైక ఉద్యోగి కాబట్టి నవనీతనే ఇన్‌ఛార్జిగా వేశారు. గుమ్మానికి బోర్డు పెట్టారు: 'వేప, వావిలి, సీతాఫలం వగైరా ఆకులు, గింజలు లోపలికి తేరాదు.'

మొదటి రోజు అటెండర్ బాలయ్య ఆమె టిఫిన్ డబ్బా తెరిచి తనిఖీ చేశాడు. పులిహోరలోంచి ఒక రెబ్బ పైకెత్తాడు.

"మేడం, కరివేపాకు గూడ అండ్లకే వస్తదా?"

నవనీత సర్క్యులర్ రెండుసార్లు చదివింది. కరివేపాకు ఊసే లేదు. వివరణ కోరుతూ హైదరాబాద్‌కు లేఖ రాసి, డబ్బా పట్టుకుని బయట మెట్ల మీద కూర్చుంది. లోపల పురుగుల కోసం మొదటి రకం కందుల బస్తా విప్పుతున్నారు.