కళావతి ఫైర్ స్టేషన్ చూసొచ్చిన తెల్లారి

ఆ రోజుకు చిలుకమ్మ వేసుకున్న లెక్క చిన్నదే. ఎనిమిదింటికల్లా కూతురు విజయలక్ష్మికి బాలింత స్నానం, తొమ్మిదింటికి గారెలు, పదింటి బండికి కేసముద్రం నుంచి వియ్యపురాలు రాజేశ్వరి దిగేసరికి ఇల్లు అద్దంలా ఉండాలి. మనవడికి ఇరవై ఒకటో రోజు, తొట్టెల్లో వేసే రోజు. కొడుకు మొగిలయ్య వియ్యపురాలిని తేవడానికి స్టేషనుకూ, కోడలు నిర్మల పూలకోసం బజారుకూ వెళ్ళారు.

వియ్యపురాలు ఊరికే రావడం లేదు. "మీ దగ్గర బాలింతకు సరిగ్గ జరగకపోతే చెప్పు వదినా, తల్లిని పిల్లగాన్ని తొట్టెలనాడే నాతోని తోలుకపోత" అని పోయినసారి గడపలో నిలబడి మరీ చెప్పి వెళ్ళింది. ఐదో నెల దాకా కూతుర్ని కళ్ళముందు ఉంచుకోవాలని చిలుకమ్మ ఆశ. నలుగుర్ని కని పెంచిన తనకు బాలింత పనులు రావని అనడానికి ఆమెకు నోరెట్లా వచ్చిందని పది రోజులుగా కడుపు మండుతూనే ఉంది.

అందుకే ఆ పొద్దున ఏ లోటూ రానివ్వలేదు. కూతురికి నూనె రాసి, కాగిన నీళ్ళు పోసి, నులక మంచం మీద పడుకోబెట్టింది. మంచం కింద నిప్పుల కుంపటి పెట్టి, సాంబ్రాణి ఒక గుప్పెడు ఎక్కువే చల్లింది. తల్లీబిడ్డా హాయిగా నిద్రపోయారు. చిలుకమ్మ వంటింట్లోకి పోయి గారెలకు మూకుడు నిండా నూనె పెట్టింది.

ఆమె లెక్కలో లేనిది ఆరేళ్ళ మనవరాలు, మొగిలయ్య కూతురు కళావతి ఒక్కతే. ముందు రోజు బడివాళ్ళు పిల్లల్ని ఫైర్ స్టేషను చూపించడానికి తీసుకుపోయారు. ఎర్రబండి ఎక్కించారు, ఇత్తడి గంట కొట్టనిచ్చారు. మిగతా పిల్లలకు గంటే గుర్తుంది. కళావతికి మాత్రం అక్కడి పెద్దాయన కట్టయ్య చెప్పిన ప్రతి మాటా గుర్తుంది.

ఇరవై రోజులుగా ఆ పిల్ల రోజూ చూస్తున్న కుంపటే అది. కానీ ఈ పొద్దున చూసిన కళ్ళు వేరు. గదినిండా పొగ, మంచం కింద నిప్పులు, పైన మేనత్త, పసిగుడ్డు. పొగలో నిలబడొద్దని చెప్పారు కదా, నేల మీద పాక్కుంటూ పోయి చెంబెడు నీళ్ళు కుంపట్లో కుమ్మరించింది. భుస్సుమని బూడిద ఇంటికప్పు దాకా లేచింది.

"మంట! మంట! అందరు బయటికి ఉరుకుండ్రి! సామాన్లు ముట్టొద్దు!"

నిద్రలో ఒంటి మీద బూడిద పడి లేచిన విజయలక్ష్మి పిల్లవాణ్ణి గుండెకు కరుచుకుని వీధిలోకి పరుగెత్తింది. మనవరాలి కేక విని చిలుకమ్మ, ఆమె వెనకాలే కళావతి వీధిలో పడ్డారు.

"ఏడనే మంట?"

"కుంపట్ల, నాయినమ్మా. నేనే ఆర్పిన."

"నీ తెలివి తెల్లారినట్టే ఉన్నది! బాలింత కుంపటి ఆర్పుతరానే ఎవరన్న? జరుగు, నా నూనె కాగుతాంది."

"లోపలికి పోవద్దు. బయటపడ్డంక దేనికోసం పోవద్దని సారు చెప్పిండు."

"మీ సారు నా ఇంటికి మాలికా? జరుగంటే!"

నాయినమ్మ ఒకరి మాట వినే మనిషి కాదని కళావతికి బాగా తెలుసు. తలుపు లాగి, గొళ్ళెం పెట్టి, దానికే వేలాడుతున్న తాళంకప్పను టక్కున నొక్కేసింది. తాళంచెవి లోపల మేకుకు ఉంది. పెరటి తలుపుకు లోపలి నుంచి గడియ.

చిలుకమ్మ తిట్లు ఇంకా సగం కూడా కాలేదు, వంటింటి పెంకుల సందుల్లోంచి నల్లటి పొగ లేచింది. ఎదురింటి ఉప్పలయ్య బకెట్ పట్టుకుని వంటింటి కిటికీ దగ్గరికి ఉరికాడు.

"తాతా, నూనె మంట మీద నీళ్ళు పొయ్యద్దు! భగ్గుమంటది! ఒకటి సున్న ఒకటికి ఫోన్ జెయ్యి!"

పిల్ల గొంతులోని అధికారానికి ఉప్పలయ్య బకెట్ అక్కడే పెట్టి, ఫోనున్న రైస్ మిల్లుకు పరుగెత్తాడు.

గంట కొట్టుకుంటూ ఎర్రబండి వచ్చింది. కట్టయ్య తాళం పగలగొట్టి, మనుషులతో ఇసుక పోయించి మంట ఆర్పించాడు. పోయినవి రెండు వాసాలు, మూకుడు, చిలుకమ్మ ఓపిక.

"నువ్వేనా ఆ సారువి?" అని ఆమె అతని మీదికి లేచింది. "మా ఇంట్ల ఇన్నేండ్లు మంటన్నది లేదు. నీ చదువొచ్చినంకనే వచ్చింది!"

సరిగ్గా అప్పుడే రిక్షా ఆగింది. మొగిలయ్య వెనకాలే రాజేశ్వరి దిగింది. ఎర్రబండిని, పెంకుల్ని, బూడిద పూసుకున్న కోడల్ని వరుసగా చూసింది.

"మంచిగనే జరుగుతాంది వదినా, బాలింతకు! విజయా, నడు. ఇయ్యాల్నే కేసముద్రం పోదాం."

కళావతి రాజేశ్వరికి అడ్డం నిలబడింది.

"అమ్మమ్మా, మీ ఇంట్ల ఇసుక బకెట్లున్నయా?"

"మాకెందుకే ఇసుక?"

"మీ ఇంట్ల ఏముంటయ్ మరి?"

"పత్తి. నడిమింట్ల దూలాల దాక పత్తే" అంది రాజేశ్వరి గర్వంగా. పత్తి కొని అమ్మే ఇల్లు వాళ్ళది.

"బీడీలు ఎవరన్న తాగుతరా?"

రాజేశ్వరి నోరు తెరిచేలోపే, "మా మామ తాగుతడు. ఆ బస్తాల మీదనే కూసోని" అంది విజయలక్ష్మి.

వీధి వీధంతా గొల్లుమంది. కట్టయ్య మాత్రం నవ్వలేదు.

"పసిగుడ్డును ఆడికా తోలుకపోతవమ్మా? గీ ఇంట్ల మంటొస్తే చెప్పెటందుకు పిల్లన్న ఉన్నది."

రాజేశ్వరి ముఖం ఎర్రబడింది. కొంగు సర్దుకుంది. "ఇరవై ఏండ్ల సంది మొత్తుకుంటాన ఆ బీడీ గురించి. నా మాట ఇంటడా?" అని కోపంగా అంది, ఎవరి మీదో తెలియకుండా. తర్వాత చిలుకమ్మ వైపు తిరిగింది.

"నా కోడలు ఐదో నెల దాక ఈడనే ఉంటది. గని వదినా, ఈ కళావతిని వారం దినాలు నాతోని పంపు."

చిలుకమ్మ అప్పటికప్పుడే మనవరాలి బట్టలు మూటగట్టింది.

ఐదో రోజు కేసముద్రం నుంచి కార్డు వచ్చింది: "వదినా, మా ఇంటాయన బీడీలు బంద్ జేసిండు. పిల్లను జల్ది వచ్చి తీసుకపొండి, నాలుగు రోజుల సంది పొయ్యి ముట్టియ్యనిస్తలేదు."